తెలుగులో తాగరాదు

ముందుగా ఒక వివరణ. పోయిన గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేను జూబ్లీహిల్స్‌లో తాగుతూ కనిపించానని మా కాలనీలో కొందరు అంటున్నారట. ఇది పూర్తిగా నిరాధారం. నేను లంచ్ చేస్తున్నాను. అందులో ద్రవ పదార్థాల వాటా కాస్త ఎక్కువ, అంతే.

తీసుకెళ్లింది మా మేనల్లుడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "మావయ్యా, అది బార్ కాదు, మైక్రోబ్రూవరీ" అని క్యాబ్ ఎక్కేలోపే మూడుసార్లు చెప్పాడు. తేడా ఏంట్రా అంటే, "బార్‌లో బయటినుంచి తెచ్చి అమ్ముతారు, ఇక్కడ అక్కడికక్కడే తయారుచేస్తారు" అన్నాడు. మా ఊళ్లో నాటుసారా కూడా అక్కడికక్కడే కాచేవారు. ఆ మాట పైకి అనలేదు. బిల్లు కట్టేది వాడు.

నేను 1995-97 మద్యనిషేధం నాటి తరం వాణ్ణి. కాకినాడలో బస్సెక్కి యానాం వెళ్లి, తిరుగు ప్రయాణంలో చెక్‌పోస్టు దగ్గర మెడ గుండీ కూడా పెట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నవాళ్లం. పట్టపగలు తాగడమంటే మాకు తలుపు గడియపెట్టి చేసే పని. ఇక్కడేమో నిలువెత్తు గాజుగోడ. రోడ్డున పోయే ప్రతివాడికీ మనం కనిపిస్తాం. కనిపించాలనే అక్కడ కూర్చోబెడతారు. లోపలి గోడకవతల తళతళలాడే స్టీలు ట్యాంకులు చూసి, పాల డెయిరీకి గానీ వచ్చామా అనుకున్నాను.

మెనూలో ప్రతి బీరు పేరు పక్కనా రెండు అంకెలున్నాయి. ఒకటి ఆల్కహాల్ శాతం, రెండోది చేదు ఎంతో చెప్పే కొలత. చేదుకి అంకె వేయడం నేను అక్కడే చూశాను. మా ఆవిడ పాతికేళ్లుగా కాకరకాయ వేపుడు పెడుతోంది, ముందుగా అంకె చెప్పిన పాపాన పోలేదు.

సర్వర్ కుర్రాడు చెక్కపలక మీద చిట్టి గ్లాసులు వరసగా పేర్చి తెచ్చాడు. ఒక్కోదాంట్లో రెండు గుక్కలు. అలవాటు కొద్దీ కుడి అరచెయ్యి దొప్పలా పట్టాను, తీర్థం అనుకుని. మేనల్లుడు బల్లకింద కాలు తొక్కాడు.

"ఇది హెఫెవైజన్ సార్. అరటిపండు, లవంగం నోట్స్ తెలుస్తాయి."

"అరటిపండు వేశారా బాబూ?"

"లేద్సార్. ఈస్ట్ నుంచే ఆ వాసన వస్తుంది."

రెండోది బెల్జియన్ విట్. నారింజ తొక్క, ధనియాలు అన్నాడు. ఇవీ ఉత్తుత్తివేనా అంటే, కాదట, నిజంగానే వేస్తారట. ధనియాలు వేసి మరిగించినదాన్ని మా వైపు చారంటారు. గ్లాసు నాలుగొందలకి మాత్రం ఎవరూ అమ్మలేదు. మూడోది ఇండియా పేల్ ఏల్. పేరులో దేశం ఉంది కదా అని అభిమానం పొంగి గటగటా తాగేశాను. ఆనక సర్వరే చెప్పాడు, అది మనకోసం పుట్టింది కాదని. ఇక్కడున్న తెల్లదొరల కోసం ఇంగ్లండ్ నుంచి ఓడల్లో పంపేవారట, అన్ని నెలల ప్రయాణం తట్టుకోవాలని హాప్స్ అనే చేదు పువ్వులు దండిగా వేసేవారట. దొరలు వెళ్లిపోయారు. వాళ్ల ఓడప్రయాణం తాలూకు చేదు నా నాలుక మీద ఉంది.

మెనూ మొదటి పేజీలో 'లోకల్' అన్న మాట పెద్దక్షరాల్లో ఉంది. నాకు లోకల్ సరుకంటే గౌరవం, అందుకే ఆరా తీశాను. బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, జర్మనీది. హాప్స్ బవేరియాలో హాలర్‌టావ్ అనే చోటివి. ఈస్ట్ కూడా యూరప్ నుంచి ప్యాకెట్లలో వస్తుంది.

"మరి లోకల్ ఏది?"

"వాటర్ సార్."

సంతోషించాను. నీళ్లే కదా ముఖ్యం. మంజీరావా, కృష్ణవా, గోదావరివా అని అడిగాను. ఈ ఊరు మూడు నదులూ తాగుతుంది కదా. "ఆర్వో సార్" అన్నాడు. నీటిలో ఉన్న లవణాలన్నీ తీసేసి, ఏ దేశపు బీరు కాస్తే ఆ దేశపు నీటికి తగ్గట్టు మళ్లీ కలుపుతారట. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని సామెత. ఇక్కడ ఆ నీళ్ల చేతే ఊరు వదిలించారు.

ఈ లెక్కన నాకు తెలిసిన అసలైన లోకల్ పానీయం ఒకటుంది. మాల్ట్ అక్కర్లేదు, హాప్స్ అక్కర్లేదు, ట్యాంకూ అక్కర్లేదు. ఈస్ట్ గాల్లోనూ ముంతలోనూ ఉచితంగా దొరుకుతుంది. చెట్టు నుంచి నోటికి ప్రయాణం ముప్పై నలభై అడుగులు, అదీ నిలువుగా. పొద్దున దించితే తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు. బలంలో ఇంచుమించు బీరంతే. పోతుతాటి రుచి వేరు, పండుతాటి రుచి వేరు, ఈత రుచి ఇంకా వేరు. గ్లాసు బదులు తాటాకు దొప్ప, తాగి పారేస్తే మేక తినేస్తుంది. చిట్టి గ్లాసుల్లో పోసి, పక్కన అంకెలు వేసి అమ్మడానికి కావలసినవన్నీ ఉన్నాయి. లేనిదల్లా జర్మన్ పేరు.

బవేరియాలో 1516లో చట్టం చేశారు, బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేదీ ఉండకూడదని. అప్పటికి మన రాయలవారు కళింగ దండయాత్రలో ఉన్నారు. ఆ చట్టంలో ఈస్ట్ ప్రస్తావనే లేదు, అదేమిటో వాళ్లకి తెలియదు కనక. మా ఊరి గీత కార్మికుడికీ తెలియదు. వాళ్ల తెలియనితనం వారసత్వ సంపద అయింది. ఇతనిది వెనకబాటుతనం అయింది.

తప్పు కల్లుది కాదు, భాషది. తెలుగులో తాగేవాడికి ఉన్న మాటలు చూడండి: తాగుబోతు, మందుబాబు, పూటుగా తాగాడు, తప్పతాగాడు. ఒక్క గ్లాసు తాగి లేచి పోయేవాడికి మన భాషలో గౌరవమైన మాట లేదు. తెలుగులో తాగితే కనీసం తప్పతాగాలి. నాలుగు చిట్టి గ్లాసులు, రెండు పెద్ద గ్లాసులు అయ్యాక మా మేనల్లుడు మాత్రం 'బీర్ ఎంథూసియాస్ట్'. అంతకు సగం తాగి చెట్టుకింద కూర్చున్న మేస్త్రి గురించి ఊరంతా "పట్టపగలే మొదలెట్టాడు" అంటుంది.

ప్రభుత్వాలకీ ఈ భాషా సమస్య ఉంది. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూసి, 2014లో తెరిచారు. 2023లో నెక్లెస్ రోడ్డులో చెరువు కనిపించేలా నీరా కేఫ్ పెట్టారు. నీరా అంటే ఇంకా పులియని కల్లే. అప్పుడు చాలామంది పెద్దమనుషులకి తాటిచెట్టు మీద ప్రేమ పుట్టింది. ఇక సిటీలో కాంపౌండ్లనే కల్లు దుకాణాల్లో చెట్టు ముఖం చూడని కల్లు ఎక్కువ. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన ఆ నీళ్లు తాగి 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కూలినాలి జనం ప్రాణాలు పోయాయి. మా బీరుకి గాజుగోడ ఉంది, ఏ ట్యాంకులో ఏముందో పలకమీద రాసి ఉంది. వాళ్ల ముంతలో ఏముందో ప్రాణాలు పోయాక ల్యాబ్ చెప్పింది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ముందుకు పోదాం.

లంచ్ అన్నాను కదా, దాని సంగతి. గోంగూర చికెన్ టాకో తెచ్చారు, మూడు వచ్చాయి, మూడూ కలిపి ఒక ముద్ద. అన్నం ఉందా అంటే "జీరా రైస్ బౌల్ ఉంది సార్" అన్నాడు. అది వచ్చేసరికి నా ఆకలి ముసలిదైపోయింది. పోనీ, బీరు కాచాక మిగిలిన బార్లీ పిప్పి ఏం చేస్తారని అడిగాను. పశువుల దాణాకి పోతుందట. ఆ పూట మా బల్ల పేరు చెప్పుకుని సుష్టుగా భోంచేసింది ఎక్కడో గేదెలే.

బిల్లు నాలుగు వేల ఆరొందలు. తిండికి జీఎస్టీ, బీరుకి వ్యాట్, కింద సర్వీస్ ఛార్జి. అది తప్పనిసరి కాదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో చెప్పిందని నేను లేచి నిలబడి వివరించబోతే, "మావయ్యా, ప్లీజ్" అన్నాడు వాడు. ఎంథూసియాస్టులు సర్వీస్ ఛార్జి గురించి మాట్లాడరట.

క్యాబ్‌లోనే తిరిగొచ్చాం. బండి నడిపేవాడి వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. పోలీసుల గొట్టంలో ఊదినప్పుడు హెఫెవైజన్‌కీ ఈతకల్లుకీ అంకె ఒకే తీరున వస్తుంది. లవంగం వాసన రాసే గడి అందులో లేదు.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి తెలుగులో అడిగింది, "తాగొచ్చారా?"

"లంచ్ చేసొచ్చాను" అన్నాను హుందాగా.

"మరైతే వంటింట్లోకి చూస్తారేం?" అంటూనే పళ్లెంలో పెరుగన్నం కలిపి, మీద ఇంత మాగాయ ముక్క పడేసింది.