అసలు బొమ్మ సైజు కూడా చూసుకోండి

హాలు గోడకి పెట్టే పేరున్న బొమ్మల ప్రింటు ఎంత పెద్దదైతే అంత నిండుగా ఉంటుందని మీ వ్యాసంలో రాశారు. అన్నిటికీ అది కుదరదండీ. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో వేసిన చతురస్రాలు, వలయాల బొమ్మనే తీసుకోండి. అందరూ నాలుగడుగుల ప్రింట్లు వేయిస్తున్నారు గానీ, మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉన్న అసలుది ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే! ఏ రంగు పక్కన ఏ రంగు ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి వేసుకున్న కాగితం అది. 12 గళ్లు, ఒక్క వలయమూ సరిగ్గా గుండ్రంగా ఉండదు. నీటిరంగు ఒకదాంట్లోకి ఒకటి పాకిన చోటే దాని అందమంతా. బాగా సాగదీస్తే అక్కడే మసకబారుతుంది.

స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ సంగతి దీనికి తలకిందులు. 1907లో ఆవిడ వేసిన పది పెద్ద బొమ్మలు ఒక్కోటి పదడుగుల పైనే ఎత్తు. వాటిని అడుగున్నర ఫ్రేములో బిగిస్తే ఏం మిగులుతుంది?

మా ఇంట్లో కాండిన్‌స్కీ చిన్న సైజే. కాకపోతే ఫ్రేములో పట్టలేదని షాపతను కుడివైపు అంగుళం కోసేశాడు. పైగా మామూలు అద్దం. సాయంత్రం లైటు వేస్తే వలయాల బదులు ట్యూబ్‌లైటే కనిపిస్తుంది.