ఎకరా గోధుమకు 43 వేలు మిగులుతాయట!

దీపావళి నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. "శ్రీకాకుళం, విజయనగరం రైతులారా! వరి కోశాక మినుము చల్లి మోసపోవద్దు, గోధుమ వేయండి. నీళ్ళు పెద్దగా అక్కర్లేదు. ఎకరాకు 20 క్వింటాళ్ళు, మద్దతు ధర 2,585, ఖర్చు 8 వేలు, చేతికి 43,700. పంజాబ్ రైతు ఇలాగే బాగుపడ్డాడు." కింద పండిన గోధుమ చేను ఫొటో, దాని వెనక మంచు కొండలు. ఆ కొండలు చూసైనా అది మన పొందూరు పక్క పొలం కాదని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి అనుమానం రావాలి కదా.

గుణకారం తప్పని అనను. 20ని 2,585తో గుణిస్తే 51,700, అందులో 8 వేలు తీస్తే 43,700. లెక్క సరే, అందులో వేసిన అంకెలే మనవి కావు.

మొదట ఆ 20 క్వింటాళ్ళ సంగతి. అది పంజాబ్ దిగుబడి. దేశం మొత్తం సగటు తీసుకుంటే హెక్టారుకు 35 క్వింటాళ్ళ చుట్టుపక్కల, అంటే ఎకరాకు పద్నాలుగు. ఆ సగటులో కూడా ఎక్కువ భాగం చలి బాగా ఉండే ఉత్తరాది పొలాలదే. గోధుమ నవంబరులో పడాలి, రెండు మూడు నెలలు చల్లగా ఉండాలి, గింజ పాలు పోసుకునేటప్పుడు ఎండ ముదరకూడదు. మన దగ్గర ఏం జరుగుతుంది? 1061 లాంటి ఐదు నెలల వరి వేసినవాడికి కోత నవంబరు ఆఖరుకో డిసెంబరులోకో వస్తుంది. పనలు ఆరి, కుప్ప పడి, మడి ఖాళీ అయ్యేసరికి నెల సగం పోతుంది. దమ్ము చేసిన మడి ఆరితే రాయిలా అవుతుంది, దాన్ని పొడి చేయడానికి ఇంకో వారం. అంటే విత్తనం పడేది డిసెంబరు ఆఖర్లోనో, సంక్రాంతి దగ్గర్లోనో. గింజ కట్టేది మార్చిలో, మధ్యాహ్నం గొడుగు లేకుండా గట్టు మీదికి వెళ్ళలేని రోజుల్లో. 2022 మార్చిలో ఉత్తరాదిలో ఎండలు ముందుగా ముదిరితే అక్కడే గింజ సన్నబడింది, దిగుబడి తగ్గింది, ఆ మేలో కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. వాళ్ళకి ఎప్పుడో ఒక ఏడాది వచ్చే ఎండ మనకి ఏటా ఉంటుంది.

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. మా చిన్నాన్న రెండేళ్ళ కిందట ఇలాంటి మాటే నమ్మి 20 సెంట్లలో వేశాడు. మొలక బాగానే వచ్చింది, జనవరిలో పచ్చగా ఉంటే ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. వెన్ను తీశాక మొదలైంది కథ. వరి కోతలయ్యాక మా వైపు పశువుల్ని వదిలేస్తారు, ఊళ్ళో పచ్చగా కనిపించే మడి అదొక్కటే, ఇక అవి ఎక్కడికి పోతాయి? పగలు చిన్నాన్న, రాత్రి కుర్రాడు కాపలా. పిచ్చుకలు, చిలకలు వేరే. చివరికి 85 కిలోలు వచ్చాయి, అంటే ఎకరాకు నాలుగు క్వింటాళ్ళు పైచిలుకు. పిండి మరకి తీసుకెళ్తే మరాయన గుప్పెడు తీసి అరచేతిలో రాసి, "ఏటి బాబూ ఇవి, ఆడిస్తే పిండి కన్నా తవుడే ఎక్కువొస్తాది" అన్నాడు. గింజలు జీలకర్రలా ముడుచుకుపోయి ఉన్నాయి మరి. ఒక్క మడితో జిల్లా మొత్తానికి తీర్పు చెప్పలేం, ఒప్పుకుంటా. సరిగ్గా నవంబరులో వేసి, మంచి విత్తనం తెచ్చి, వేళకి నీళ్ళు కడితే ఇంతకన్నా బాగానే రావచ్చు. ఇరవై మాత్రం రాదు.

ఇప్పుడు ఖర్చు 8 వేలు. ఈ మాటకి సమాధానం మద్దతు ధర ప్రకటనలోనే ఉంది. 2025 అక్టోబరులో కేంద్రం 2,585 ప్రకటించినప్పుడు క్వింటాలుకు సాగు ఖర్చు 1,239 అని చూపించింది. 20 క్వింటాళ్ళకి అది 24,780 అవుతుంది. మెసేజ్ రాసిన పెద్దమనిషి ధరని మాత్రం ప్రభుత్వం దగ్గర తీసుకుని, ఖర్చు తన జేబులోంచి తీశాడన్నమాట. పైగా ఆ 1,239లో ఇంటిల్లిపాది కష్టం కలిపారు కానీ సొంత భూమికి కౌలు లెక్క కట్టలేదు. ఇక ఒక్క ఎకరం కౌలుకి తీసుకుని భూస్వామికి బస్తాలు కొలిచేవాడికి ఖర్చు ఇంకా పెరుగుతుంది.

మా ఊరి రేట్లతో నేనే వేసి చూశాను. విత్తనం 40 కిలోలు, బయటినుంచి తెప్పించాలి కాబట్టి 2 వేలు. ట్రాక్టరు కల్టివేటరు ఒకసారి, రోటవేటరు రెండుసార్లు, 3,500. డీఏపీ ఒక బస్తా 1,350, యూరియా రెండు బస్తాలు 533, సగం బస్తా పొటాష్ కలిపితే 2,700 దాటదు. ఐదు తడులకి ఇంజను డీజిలు, నీళ్ళు కట్టే మనిషి, 5 వేలు. కలుపుకి ఆడకూలీలు ఎనిమిది మంది, 2,800. కోత మిషను, మోత, బస్తాలు 4,500. మొత్తం 20,500, కాపలా కూలి లేకుండా. అన్నీ కలిసొచ్చి పది క్వింటాళ్ళు పండాయనుకుందాం, ఖర్చే క్వింటాలుకి రెండు వేలు దాటింది. ఖర్చేమో ఎకరా లెక్కన పోతుంది, డబ్బేమో క్వింటాలు లెక్కన వస్తుంది. ఈ ముక్క ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

మద్దతు ధర వస్తుంది కదా అంటారు. ఎవరిస్తారు? గోధుమని ప్రభుత్వం కొనేది దాదాపుగా పంజాబ్, హర్యానా, మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో. మన దగ్గర కొనుగోలు కేంద్రాలు ధాన్యానివి. అక్కడే తేమ ఎక్కువుంది, సంచులు లేవు అంటూ మనల్ని తిప్పే తిప్పుడు తెలిసిందే, ఇక గోధుమ బస్తా దింపితే తూకం కూడా వేయరు. బయట షావుకారు ముడుచుకున్న గింజకి ఏ రెండు వేలో చెబుతాడు, అదీ పది బస్తాల కోసం లారీ రాదు.

"నీళ్ళు అక్కర్లేదు" అన్నది సగం నిజం. వరితో పోలిస్తే తక్కువే, కానీ నాలుగు నుంచి ఆరు తడులు కావాలి, అందులో విత్తిన మూడు వారాలకి పెట్టే తడి తప్పితే పిలకలు సరిగా రావు. వంశధార, నాగావళి కాలవల కింద రబీలో ఆ నీళ్ళు ఎంతమందికి అందుతాయో కాలవ చివరి ఊళ్ళవాళ్ళని అడగండి. ఆ మెసేజ్ "మోసం" అంటున్న మినుముకి ఒక్క తడి కూడా పెట్టం. కోతకి రెండు మూడు రోజుల ముందే పదునులో చల్లేస్తాం, దున్నకం లేదు, మిగిలిన తేమ, మంచుతోనే కాపు వస్తుంది. మూడు క్వింటాళ్ళు పండినా, 2025-26 మద్దతు ధర 7,800 లెక్కన 23,400. ఆ ధర దక్కకపోయినా కొనేవాడు మాత్రం ఊళ్ళోకే వస్తాడు. మినుము బంగారమని కాదు. పల్లాకు తెగులు పట్టిన ఏడాది మందుల ఖర్చు కూడా రాదు, బంగారు తీగ అనే కలుపు అల్లుకుంటే పీకలేక చావాలి. కానీ పోతే ఆరేడు వేలు పోతాయి, ఇరవై వేలు కాదు.

పంజాబ్ రైతు మాట కూడా చూద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం అక్కడ సగటు కమతం 3.62 హెక్టార్లు, మన రాష్ట్రంలో 0.94. ఇంటి ముందు మండీ ఉండి, పండిన గోధుమ చాలామటుకు మద్దతు ధరకే పోయేవాడితో మనకి పోలికేంటి?

ఇక మెసేజ్ చివర్లో "ఆరోగ్యానికి చపాతీ" అని తగిలించారు. ఆరోగ్యమే కావాలంటే చోళ్ళు (రాగులు) ఉన్నాయి. 2025-26లో వాటి మద్దతు ధర 4,886, గోధుమ 2,585కి దాదాపు రెట్టింపు. విజయనగరం గాజులరేగలో చిరుధాన్యాల మీద పనిచేసే పరిశోధన కేంద్రమే ఉంది, విత్తనం సంగతి అక్కడ అడగొచ్చు.

సరదాగా గోధుమ వేసి చూడాలనుంటే ఇంటి పక్కన కంచె ఉన్న ఐదు సెంట్లలో, వరి వేయని మెట్టలో, నవంబరులో వేసుకోండి. మా చిన్నాన్న 85 కిలోల్లో పదో ఇరవయ్యో పిండి ఆడించుకున్నాడు. మిగతావి నానబెట్టి ఆవుకి పెట్టాడు.