చుక్క పడాల్సిన చోటు

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్‌లో ఉండే మా మేనమామ కొడుకు ఒక పెయింట్ చుక్క గురించి మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. కారు మీద చుక్క పడిందని కాదు. పడాల్సిన చోట పడలేదని.

కారు 1970 డాడ్జ్ ఛాలెంజర్ ఆర్‌టీ. ఊదా రంగు. ఆ రంగుకు కంపెనీ పెట్టిన పేరు ‘ప్లమ్ క్రేజీ’. పేరులో రెండో మాట బండికి కాదు, కొన్నవాడికే సరిపోతుందని మా అక్క అభిప్రాయం. బానెట్ కింద 440 ఘనపుటంగుళాల వీ-8 ఇంజన్, అంటే 7.2 లీటర్లు. మనలో ఎవరు కారు కొన్నా ముందు మైలేజీ ఎంతని అడగడం మర్యాద. ఈ బండి దగ్గర ఆ మాట ఎత్తడం చావింట్లో భోజనాలెప్పుడని అడిగినట్టే.

ఇలా మామూలు బండికి భారీ ఇంజన్ తగిలించినవాటిని ‘మజిల్ కార్లు’ అంటారు. వాటి వంశవృక్షం తెలియనివారికి ఒక్క ముక్క. 1964లో జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది: మధ్యరకం బండిలో 330 ఘనపుటంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదు. ఆ కంపెనీలోనే ఒక విభాగమైన పాంటియాక్ ఇంజనీర్లు నియమాన్ని శ్రద్ధగా చదివారు. పెట్టకూడదన్నారు గానీ, కొనేవాడు అదనంగా డబ్బు కట్టి అడిగితే ఇవ్వకూడదని అనలేదు కదా! అలా ‘ఆప్షన్’ పేరుతో 389 ఇంజన్ ఎక్కించి జీటీఓ అనే కారుని బయటికి వదిలారు. రూలుకు సందు వెతికి పుట్టిన జాతి ఇది. ఇవాళ దానికున్నంత మడి మా నాయనమ్మ వంటింట్లో కూడా లేదు.

పాత కారును పునరుద్ధరించడం అంటే తళతళా మెరిపించడమని పామరులు అనుకుంటారు. మా మామయ్య కూడా తెనాలి నుంచి వీడియో కాల్‌లో అదే అన్నాడు. “ఎందుకురా ఈ తంటా? విజయవాడ ఆటోనగర్‌లో పడేస్తే పది రోజుల్లో కొత్త పెళ్ళికొడుకులా చేసి ఇస్తారుగా!”

“అదే నాన్నా ప్రమాదం” అన్నాడు బావ.

నిజంగానే ప్రమాదం. ఫ్యాక్టరీ చేసినదానికంటే బాగా చేస్తే ఈ లోకంలో దాన్ని ‘ఓవర్ రీస్టోర్డ్’ అంటారు. అది మెచ్చుకోలు కాదు, పాత కార్ల పోటీల్లో జడ్జిలు మార్కులు కోసేయడానికి కారణం. ఆనాడు తలుపుకీ బాడీకీ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే ఇవాళ కూడా అలాగే ఉండాలి. బాడీకి రంగు కొట్టేటప్పుడు తుంపర అడుగుభాగం మీద ఎటు చెదిరిందో ఇప్పుడూ అటే చెదరాలి. బావ ఈ పని చేయించడానికి డబ్బిచ్చి ఒక నిపుణుణ్ణి పెట్టుకున్నాడు. నిర్లక్ష్యంగా రంగు కొట్టడంలో ఆయనకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

ఇక నంబర్ల సంగతి. ఇంజన్ బ్లాకు మీద చెక్కిన అంకెలు, గేర్‌బాక్స్ మీదివి, బాడీ మీదివి ఒకదానితో ఒకటి కలవాలి. దీన్ని ‘నంబర్స్ మ్యాచింగ్’ అంటారు. మనం జాతకాలు కలవడం అంటాం. కలిస్తే ధర ఎక్కడికో పోతుంది. కలవకపోతే ఇంజన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా జాతకం కలవలేదు, సంబంధం కుదరదు. మన దగ్గర జాతకాలు ఎలా ‘సరిచేస్తారో’ అక్కడ కూడా పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టే పురోహితులు ఉన్నారు. అందుకని కొనేవాళ్ళు భూతద్దం పట్టుకుని, అంకెల కింద లోహం మీద ఆనాటి యంత్రం గీసిన గీతలు ఉన్నాయా, అరిగాయా అని చూస్తారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని నడిపించి చూసేవాళ్ళు వీళ్ళ ముందు ఎంతో నయం.

వెనక సీటు స్ప్రింగుల్లో ‘బ్రాడ్‌కాస్ట్ షీట్’ అనే కాగితం దొరికిన రోజు బావ నాకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఈ బండికి ఏ ఇంజన్, ఏ రంగు, ఏ సీటు బిగించాలో కార్మికులకు చెప్పే చీటీ అది. పని అయ్యాక ఎవరో సీట్లో కుక్కి వదిలేశారు. సగం ఎలుకలు తినేశాయి. మిగతా సగానికి గాజు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. పెళ్ళి ఫోటో మేడ మీదికి మారింది.

చుక్క కథ ఇప్పుడు చెప్పాలి. కారు హామ్‌ట్రామిక్‌లోని ‘డాడ్జ్ మెయిన్’ ఫ్యాక్టరీలో తయారైంది. అక్కడ లైన్ వేగం పెంచేశారని 1968 మేలో కార్మికులు యూనియన్‌ను అడక్కుండానే పని ఆపేశారు. శిక్షలు ఎక్కువగా నల్లజాతి కార్మికుల మీద పడ్డాయి. వాళ్ళు ‘డాడ్జ్ రెవల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్’ అని సొంత సంఘం పెట్టుకున్నారు. బండి మీద బండి తోసుకొస్తుంటే చెయ్యి తడబడుతుంది, రంగు తొణుకుతుంది. ఆ తొణికిన చుక్క ఆనాడు ఫోర్‌మన్ కంట పడితే తిట్లు, ఇవాళ జడ్జి కంట పడితే మార్కులు. తిట్లు తిన్నవాడికి ఈ మార్కుల్లో వాటా లేదు. ఆయన పేరు కూడా ఎవరూ రాసి పెట్టలేదు. చుక్క ఎన్ని మిల్లీమీటర్లో మాత్రం రాసి పెట్టారు.

ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మరుసటి ఏడాది దాన్ని కూల్చి, ఆ స్థలం చాలక పక్కనున్న పోల్‌టౌన్ పేటను కూడా కలిపి జనరల్ మోటార్స్‌కు అప్పగించారు. దాదాపు 4,200 మంది ఇళ్ళు వదిలి పోయారు. మిషిగన్ సుప్రీంకోర్టు సరేనంది. ఆ ఇళ్ళ తలుపుల సందులు ఎవరూ కొలవలేదు. ఇప్పుడు అక్కడ ‘ఫ్యాక్టరీ జీరో’ పేరుతో ఎలక్ట్రిక్ బళ్ళు చేస్తున్నారు. ఇటు డాడ్జ్ కూడా ‘ఛార్జర్’ అనే తన కారును ఎలక్ట్రిక్‌గా తెచ్చి, ఇంజన్ లేని దానికి ఇంజన్ చప్పుడు తగిలించింది. యాభై ఏళ్ళ తర్వాత ఆ ఒరిజినల్ చప్పుడు కోసం స్పీకర్లు వెతికే బావలు పుడతారని నా నమ్మకం.

టైర్లు కూడా ఆనాటి గుడ్‌ఇయర్ పాలీగ్లాస్ నమూనావే. రేడియల్ టైర్లు వేసుంటే బండి దారిన పోయేది. వీటితో దారి ఎటు లాగితే బండి అటు పోతుంది. అందుకే ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకి బావ దాన్ని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళాడు. 375 గుర్రాల బండిని మరో బండి ఈడ్చుకెళ్ళింది.

తర్వాత జరిగిన పోటీలో జడ్జి బండి కింద పడుకుని నలభై నిమిషాలు చూసి లేచాడు. చుక్క బాగుందన్నాడు. బావ కళ్ళు చెమర్చాయి. కానీ ఇంజన్ వెనక రేకు మీద ఇన్‌స్పెక్టర్ పెన్సిల్‌తో రాసినట్టు బావ తిరిగి రాయించిన అంకెలు మరీ గుండ్రంగా, ఒద్దికగా ఉన్నాయని మార్కులు తగ్గించాడు. పాత ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ఆ రాత కాస్త వెనక్కి వాలి ఉందట. రాసినవాడిది ఎడమచేతి వాటం అయి ఉండాలని తేలింది.

నిన్న బావ ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలేమీ లేవు.

“మీ రెండోవాడు ఎడమచేత్తోనే కదూ రాస్తాడు? దస్తూరి ఎలా ఉంటుంది?”

“ఘోరంగా ఉంటుంది బావా.”

“సెలవులకి పంపించు. టికెట్ నేను కొంటాను.”