రెండు మార్కుల టోపీ

మా మేనకోడలికి ఫ్రెంచి పరీక్షలో రెండు మార్కులు పోయాయి. ఒకటి టోపీ పెట్టనందుకు, రెండోది బతికున్న మనుషులు మాట్లాడేట్టు రాసినందుకు. మన దగ్గర టోపీ పెట్టినవాణ్ణి పోలీసులు వెతుకుతారు. ఫ్రెంచిలో పెట్టనివాళ్లను పట్టుకుంటారట. ఎవరి ఆచారం వాళ్లది, మనం తప్పు పట్టకూడదు. పట్టకూడదనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఆ టోపీ అంటే అక్షరం నెత్తిన పెట్టే ^ గుర్తు. దాని సంగతి తెలియాలంటే ముందు దాన్ని పెట్టుకునే క్రియాకాలం గురించి చెప్పాలి. దాని పేరు ఏఁపార్ఫే ద్యు స్యుబ్జొఁక్తీఫ్. పేరు పలకడానికే ఒక సెమిస్టరు పడుతుంది. ఫ్రెంచిలో కోరిక, భయం, అనుమానం, అవసరం వంటివి చెప్పేటప్పుడు క్రియ వేరే రూపం కట్టుకుంటుంది. అంతవరకు బాగానే ఉంది. మనకూ ‘రావాలని’ అన్న రూపముంది కదా. కానీ మనం ‘వాడు రావాలని కోరుకుంటున్నాను’ అన్నా, ‘వాడు రావాలని కోరుకున్నాను’ అన్నా ఆ ‘రావాలని’ కదలదు, మెదలదు. ఫ్రెంచి వ్యాకరణం అంత సోమరిది కాదు. నువ్వు కోరుకున్నది నిన్నయితే, వాడి రాక కూడా నిన్నటి బట్టలే వేసుకోవాలి. వాడు వచ్చాడా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. బట్టలు ముఖ్యం.

ఆ బట్టలు కుట్టే పద్ధతి చెబుతాను, వినండి. ముందు పాసే సేఁప్ల్ అనే ఇంకో భూతకాలం నేర్చుకోవాలి. అది కథల పుస్తకాల్లో తప్ప ఫ్రెంచివాళ్ల నోట వినిపించదు. అందులో ‘నువ్వు’కు పడే రూపం తీసుకోవాలి. దానికి ‘స్’ అనే తోక తగిలించాలి. ‘నువ్వు ప్రేమించావు’ అంటే త్యు ఎమా. తోక తగిలిస్తే ఎమాస్. ఈ కాలం కూడా జనం నోట ఎప్పుడో చచ్చిందే. అంటే ఒక శవం మీది చొక్కా విప్పి రెండో శవానికి తొడగడం. అన్ని పురుషలకూ ఈ తోకే. ఒక్క ‘అతను, ఆమె’లకు మాత్రం తోక కోసేసి, అచ్చు మీద టోపీ పెట్టి, చివర ‘త్’ రాయాలి. రాయాలంతే, పలకకూడదు. టోపీ కూడా వినబడదు. అతను ప్రేమించాడు, నువ్వు ప్రేమించావు, అతను ప్రేమించాలని... మూడూ చెవికి ‘ఎమా’నే.

రావడం మరీ ఘోరం. ఈ కాలంలో ‘అతను రావాలని’ అంటే వేఁ. ద్రాక్షసారా కూడా వేఁ. ఇరవై కూడా వేఁ. ‘వృథా’ అన్నా వేఁ. ‘నేను తాగాలని’ అంటే బస్సు వినిపిస్తుంది. ‘నేను చేయాలని’ అంటే కొడుకు వినిపిస్తాడు. ‘నేను చూడాలని’ అంటే స్క్రూ. ‘నాకు తెలియాలని’ అంటే ఏం వినిపిస్తుందో నలుగురిలో రాయలేను. తెలిసినవాళ్లు నవ్వుకోండి, తెలియనివాళ్లు అదృష్టవంతులు. పైగా ‘ఆస్’ అన్న తోక ఫ్రెంచిలో ఏ మాటకు తగిలినా కాస్త వెటకారం వస్తుంది. అందుకే ఎంత గంభీరమైన మనిషి ఈ రూపాలు పలికినా ఎదుటివాళ్లకు నవ్వొస్తుంది. ఈ కాలాన్ని చంపింది అజ్ఞానం కాదు, నవ్వు.

అయినా చావలేదని నమ్మే ఒక పెద్దమనిషిని ఊహించుకుందాం. పారిస్‌లో ఏడో అంతస్తు. వంటింట్లో మంటలు లేచాయి. ఆయన 18కి ఫోన్ చేశాడు, అక్కడ ఫైరింజను నంబరు అదే. ‘రండి’ అంటే సరిపోయేది. కానీ ఆయన మర్యాదస్తుడు. ‘మీరు రావాలని కోరుకుందునేమో’ అన్నాడు. కొంప మునిగింది అక్కడే. పాతకాలపు నియమం ప్రకారం ఆ ‘కోరుకుందునేమో’ వెనక మన శవం రావాలి. ఆయన కళ్లు మూసుకుని లెక్క కట్టాడు. రావడం, పాసే సేఁప్ల్, నువ్వు, వేఁ, తోక, మీరు... కర్టెన్లు అంటుకున్నాయి. టోపీ ఉందా? ‘అతను’కే టోపీ, ‘మీరు’కు లేదు. అమ్మయ్య! “వేఁస్యే!” అని అరిచాడు.

అవతలి అమ్మాయికి ‘వేఁ స్యేజ్’ అని వినిపించింది. అంటే ఇరవై కుర్చీలు. “అయ్యా, ఇది ఫైర్ స్టేషను, ఫర్నిచర్ కొట్టు కాదు” అంది. ఆయన మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు, ఈసారి ఉదాహరణలతో. సోఫా అంటుకుంది. పక్కింట్లోంచి ఫ్రెంచి అకాడమీ సభ్యుడొకాయన బయటికొచ్చాడు. వాళ్లు నలభై మంది, వాళ్లను ‘అమరులు’ అంటారు, ఆకుపచ్చ ఆకులు కుట్టిన కోటు, నడుముకు కత్తి. నేను కల్పించింది కాదు, నిజంగానే కత్తి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మన సామెతలో. ఈయన అంతకన్నా సంస్కారి, నిప్పు అడగలేదు. “ఇప్పుడు మీరన్న వాక్యం చాలా అరుదైనది, దయచేసి మళ్లీ చెప్తారా?” అన్నాడు. పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కాదు. జీవితంలో మొదటిసారి ఒకరు ఆయన వ్యాకరణాన్ని గుర్తించారు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని బహువచనాల్లోకి వెళ్లారు. ఈలోగా కింద వాచ్‌మన్ భార్య రోడ్డు మీదికొచ్చి ‘మంటలు! రండి!’ అని అరిచింది. ఫైరింజను వచ్చింది. ఆమె వాక్యంలో వ్యాకరణం ఏమీ లేదు, క్షమించాలి.

టోపీ చరిత్ర కూడా చెప్పాలి, అన్యాయం చేయకూడదు. ఒకప్పుడు అక్కడ నిజంగా ‘స్’ ఉండేది, పలికేవాళ్లు. పలకడం మానేశాక, 1740 నాటి అకాడమీ నిఘంటువు అలాంటి చాలా మాటల్లో ఆ ‘స్’ తీసేసి, నెత్తిన టోపీ పెట్టింది. అంటే అది సమాధిరాయి. మన అరసున్నకు సొంత అక్క. ‘వాఁడు’లో ఒకప్పటి ముక్కుపలుకు గుర్తుగా అరసున్న రాసేవాళ్లం. చివరికి ముద్దుగా సాగనంపాం. (పైన ‘వేఁ’ రాయడానికి మళ్లీ దాన్నే బతిమాలి పిలిపించాల్సి వచ్చింది, అది వేరే సంగతి.) ఫ్రెంచివాళ్లు 1990లో స్పెల్లింగు సంస్కరణ చేసి, ‘ఇ’ల మీదా ‘ఉ’ల మీదా టోపీలు చాలావరకు తీసేయొచ్చన్నారు. వదలకూడదన్న కొద్ది చోట్లలో మన కాలం ఒకటి. రోజూ వాడే మాటలకు ఎండదెబ్బ తగిలినా ఫర్వాలేదు, శవానికి మాత్రం జలుబు చేయకూడదు.

ఇంతకీ ఈ నియమాన్ని కాపాడుతున్నది ఎవరు? అకాడమీ అనుకుంటారు. 1635లో పుట్టిన అకాడమీ ఒక వ్యాకరణం రాస్తానని తన నియమావళిలోనే రాసుకుంది. ఆ పుస్తకం 1932లో వచ్చింది. 297 ఏళ్లు. మా వీధి డ్రైనేజీ కాంట్రాక్టరు వేగవంతుడనిపించింది. మరి ప్రభుత్వమా? అది 1901లోనే కొంత సడలించింది. 1976 డిసెంబర్ 28న విద్యాశాఖ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ప్రధాన వాక్యం భూతకాలంలో ఉన్నా, ఆ వెనక టోపీ రూపానికి బదులు మామూలు ‘వియెన్’ రాస్తే పరీక్షల్లో తప్పుగా చూడకూడదని. ఉదాహరణకు ఇచ్చిన క్రియ కూడా రావడమే. మా పిల్ల రాసిందీ ఆ ‘వియెన్’నే! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు పారిస్‌లో వరమిచ్చి దాదాపు యాభై ఏళ్లయింది, పూజారి హైదరాబాదులో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఫ్రెంచివాళ్లు 1954లో యానాం వదిలి వెళ్లిపోయారని చదువుకున్నాం. సామాను మొత్తం తీసుకెళ్లినట్టు లేదు.

మా పిల్లది శ్రీకాకుళం జిల్లా. హాస్టల్లో మొదటి నెల దాని యాస విని నవ్వారు. ‘ఏటి’ అన్నా నవ్వే, ‘వచ్చీసినాడు’ అన్నా నవ్వే. తెలుగులో నోరు మూయించారు. ఫ్రెంచి అయితే అందరికీ కొత్తే కదా, ఇక్కడైనా అందరం ఒకటేనని ఎంతో ఇష్టంగా చేరింది. ఆ క్లాసులో కూడా ఒకాయన కాగితం అందరికీ చూపించి, “ఇది బజారు ఫ్రెంచి” అన్నాడట. బజారులో మాట్లాడకపోతే భాష ఎక్కడ మాట్లాడతారండీ? లాకర్లోనా? గిడుగు రామమూర్తి పుట్టింది ఆ జిల్లాలోనే. పండితులు నెత్తిన పెట్టుకున్న గ్రాంథికంలో ఆ పండితులే ఎన్ని తప్పులు రాశారో ఏరి ఏరి చూపించాడు. ఎందుకంటే ఎవరూ మాట్లాడని భాషలో ఎవరూ తప్పు రాయకుండా ఉండలేరు. ఆ నియమాలు భాష కోసం పెట్టినవి కావు. ఏ ఇంట్లో పుట్టావో కనిపెట్టడానికి పెట్టినవి. పుస్తకాల అల్మరా ఉన్న ఇంట్లో పుట్టినవాడికి టోపీ పుట్టుకతోనే వస్తుంది, మిగతావాళ్లు గుమ్మం బయట నిలబడాలి. వందేళ్ల కింద మన దగ్గర అరసున్న పెట్టి పిల్లల్ని బయట నిలబెట్టారు. ఇప్పుడు అరసున్న పోయిందని ఫ్రాన్సు నుంచి టోపీ తెప్పించుకున్నారు. సిగ్గుండాలి.

సరే, కోపం వద్దు. బీపీ ఉంది.

ఆ 1976 ఉత్తర్వు ప్రింటు తీసి ఇచ్చాను. పిల్ల తీసుకెళ్లి చూపించింది. ఆయన చదివి, “ఇది మన సిలబస్‌లో లేదు” అన్నాడట. “మరి టోపీది, మావయ్యా? వినబడని దానికి మార్కులేటి?” అంది నాతో. నా దగ్గర జవాబు లేదు. ఫ్రాన్సులో కూడా చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుందని మాత్రం చెప్పాను. మామూలు ‘ఫ్యు’కు, అంటే వట్టి ‘అయ్యెను’కు, అనవసరంగా టోపీ పెట్టేస్తుంటారు. టోపీ ఉంటే గొప్పగా కనబడుతుందని.

పోయిన గురువారం దాని నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. క్లాసు గది తలుపుకు అంటించిన నోటీసు. ‘నిన్నటి క్లాసు రద్దయ్యెను’ అని ఫ్రెంచిలో, ఆయన చేతిరాతలో, కింద సంతకంతో. ‘ఫ్యు’ నెత్తిన టోపీ నిగనిగలాడుతోంది. ఎర్ర పెన్నుతో చుట్టి రెండు మార్కులు కొట్టేసి రానా అని అడిగింది. వద్దమ్మలూ, వచ్చే సెమిస్టరు పేపర్లు దిద్దేదీ ఆయనే అన్నాను. సరేనంది. ఫోటో మాత్రం డిలీట్ చేయలేదు.