ఆకాశరామన్నకు జనం తోడుండాలి

ఇంటర్నెట్‌లో మనమెవరో తెలీకుండా దాచే టార్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది గంజాయి, హ్యాకర్లు, డార్క్ వెబ్. పేరు దాచుకున్నాడంటే దొంగే అయ్యుంటాడని అనుమానం. మండలాఫీసు అక్రమాల మీద కలెక్టరుకు ఆకాశరామన్న ఉత్తరం వెళ్లిందంటే మాత్రం అదే మనిషి లోలోపల సంతోషిస్తాడు.

టార్‌కు మూలమైన పద్ధతి 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది. మనం పంపేది మూడు కంప్యూటర్ల మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మన చిరునామా తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలీదు. చివరిదానికి చేరే చోటు తెలుసు, మనం తెలీదు. అయితే నేవీ ఒక్కటే వాడితే, అందులో కనిపించిన ప్రతివాడూ నేవీ మనిషేనని ఇట్టే తేలిపోతుంది. అందుకే అన్నిరకాల జనం అందులో ఉండాల్సి వచ్చింది.

ఆ జనంలో దొంగలూ చేరారు. 2011లో మొదలైన సిల్క్ రోడ్ అనే మత్తుమందుల బజారును 2013లో మూయించారు. 2019లో బీబీసీ కూడా టార్‌లో తన సైటు పెట్టింది, తన వార్తల్ని అడ్డుకునే దేశాల పాఠకుల కోసం. 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం, రోజూ టార్ వాడేవాళ్లలో అక్రమ పనుల కోసం రహస్య సైట్లకు పోయేవాళ్లు సుమారు 6.7 శాతమే. మన దగ్గర జనాన్ని ముంచే డిజిటల్ అరెస్టు ముఠాలకైతే టార్‌తో పనే లేదు, దొంగ సిమ్‌లు, అద్దె బ్యాంకు ఖాతాలు చాలు.

అనంతపురం జిల్లాలో ఒక మండలాఫీసు ఆపరేటర్‌ను ఊహించుకోండి. ఉపాధి హామీలో దొంగ మస్టర్లు అతని కళ్లముందే ఎక్కుతున్నాయి. పేరు పెట్టి ఫిర్యాదు చేస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. కక్షల్ని చూసిన సీమలో ఆ టెన్షన్ చిన్నది కాదు. సరే, టార్‌లో పంపాడనుకుందాం. అదీ ఆఫీసు వైఫైలో పంపితే? 2013లో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి బాంబు బెదిరింపును టార్‌లోనే పంపాడు. ఆ సమయంలో క్యాంపస్ నెట్‌వర్క్ నుంచి టార్‌కు వెళ్లిందెవరో చూస్తే దొరికిపోయాడు. అతను దొరకడం మంచిదే. కానీ ఆఫీసు మొత్తంలో టార్ తెరిచేది మన ఆపరేటర్ ఒక్కడే అయితే అతని గతీ అంతే. పైగా ఆ మస్టర్ల సంగతి ముగ్గురికే తెలిస్తే, ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

ప్రభుత్వం చూపు మరో వైపుంది. 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, ఇంటర్నెట్‌లో మన చిరునామా కనపడకుండా చేసే వీపీఎన్ కంపెనీలను ఖాతాదారుల పేర్లు, చిరునామాలు అయిదేళ్లు భద్రపరచమంది. కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసి వెళ్లిపోయాయి. అవినీతిని బయటపెట్టేవారి రక్షణకని 2014లో చేసిన చట్టం ఇంకా అమల్లోకే రాలేదు. వచ్చినా, ఎవరు రాశారో చెప్పని ఫిర్యాదుపై చర్య తీసుకోకూడదని అందులోనే ఉంది. నాకిది అర్థంకాదు. మస్టరు దొంగదో కాదో తేల్చడానికి పంపినవాడి పేరెందుకు? ఊళ్లోకెళ్లి ఆ వారం పనికి ఎవరొచ్చారో కూలీలను అడిగితే చాలు.