ఇంటి నంబరు పత్రికలో, కోట్ల బాకీ గోప్యంలో

2022 జూలై 18 తర్వాత మన బియ్యం కొట్లలోకి 26 కిలోల బస్తా వచ్చింది. 25 కిలోల వరకు లేబులున్న బస్తాపై ఐదు శాతం జీఎస్టీ పడటంతో వ్యాపారులు ఒక కిలో కలిపి అమ్మారు. ఆ పన్ను మీద పార్లమెంటు రోజుల తరబడి స్తంభించింది. చివరకు ఆగస్టులో ధరలపై చర్చ జరిగింది, ఆర్థిక మంత్రి జవాబిచ్చారు, పన్ను అలాగే ఉండిపోయింది. వంటింటి గింజకు ఇంత పక్కాగా లెక్క కట్టే ప్రభుత్వం, బ్యాంకుల్లో మునిగిన బాకీల లెక్క చెప్పేటప్పుడు పేర్ల దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

2014-15 నుంచి తొమ్మిదేళ్లలో వాణిజ్య బ్యాంకులు 14.56 లక్షల కోట్ల రూపాయల రుణాలను రైటాఫ్ చేశాయని, అంటే రాని బాకీలుగా పద్దుల్లోంచి తీసేశాయని, 2023 ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటుకు లిఖితపూర్వకంగా తెలిపింది. అందులో 7.40 లక్షల కోట్లు భారీ పరిశ్రమలు, సేవా సంస్థలవి. మరోవైపు 2016-17 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వరంగ బ్యాంకులకు మూలధనంగా అందింది 3.10 లక్షల కోట్లు. చాలా భాగం బాండ్ల రూపంలోనే ఇచ్చారు. ఆ బాండ్లకు వడ్డీ కట్టేది ఖజానా, ఆ ఖజానాను నింపేవారిలో బియ్యం బస్తా కొన్న ఇల్లాలూ ఉంది.

రైటాఫ్ అంటే మాఫీ కాదని, వసూలు ప్రయత్నం ఆగదని ప్రభుత్వం అంటుంది. నిజమే, బ్యాంకు తన పద్దులు సరిచేసుకోవాల్సిందే. కానీ రైటాఫ్ చేసిన రుణాల నుంచి ఆ తొమ్మిదేళ్లలో వసూలైంది 2.04 లక్షల కోట్లేనని ఆ సమాధానమే చెబుతోంది. నూటికి పద్నాలుగు రూపాయలు!

నన్ను కలచివేసేది పేర్ల విషయం. ఏ తెలుగు దినపత్రిక తిరగేసినా సర్ఫేసీ చట్టం (బాకీ కట్టనివారి తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) కింద స్వాధీన ప్రకటనలు కనిపిస్తాయి. ఇంటి అప్పు కట్టలేని వ్యక్తి పేరు, తండ్రి పేరు, డోరు నంబరు, నాలుగు వైపులా హద్దులు, బాకీ మొత్తం అన్నీ అచ్చవుతాయి. వీధి వీధంతా చదువుతుంది. పిల్ల పెళ్లి సంబంధం చూసుకుంటున్న ఇంట్లో ఆ ప్రకటన ఏం చేస్తుందో ఊహించండి. అదే వేల కోట్ల రైటాఫ్ దగ్గరికి వచ్చేసరికి 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలోని 45ఈ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. ఖాతాదారు వివరాలు గోప్యమట! ఉద్దేశపూర్వక ఎగవేతదారుల్లో మొదటి యాభై పేర్లు సభకు ఇచ్చిన సందర్భం ఉంది. మిగిలినవారి సంగతేమిటి? రిజర్వు బ్యాంకుకు బ్యాంకులతో ఉన్నది విశ్వాస సంబంధం (నమ్మి చెప్పిన సమాచారాన్ని దాచి ఉంచాల్సిన బంధం) కాదని, సమాచారం దాచడానికి ఆ సాకు చెల్లదని సుప్రీంకోర్టు 2015 డిసెంబరులోనే తేల్చింది. దశాబ్దం గడిచినా ఆ తీర్పు స్ఫూర్తి చట్టంలోకి ఎక్కలేదు.

అసలు జబ్బు సభలోనే ఉంది. చట్టం లేనిదే పన్ను వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. అంటే మన జేబులో చెయ్యి పెట్టే అధికారం పార్లమెంటుదే. అలాంటి సభ 2023 మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్ పద్దులను నినాదాల హోరులో, ఒక్క శాఖపైనా చర్చ లేకుండా ఆమోదించింది. అధికార పక్షమూ ప్రతిపక్షమూ కలిసే ఆ రోజును పాడుచేశాయి. లిఖిత సమాధానం చేతికొచ్చాక ఎదురు ప్రశ్న వేసే ఓపిక ఎంతమందికుంది?

వంద కోట్లు దాటిన ప్రతి రైటాఫ్ ఖాతా పేరు, మంజూరు చేసిన బ్యాంకు, వసూలైన మొత్తం ఏటా బడ్జెట్ సమావేశాల్లో సభ ముందుంచాలి. అందుకు 45ఈ సెక్షన్‌ను సవరించాలి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. వారిలో మంత్రి కాని ఏ ఒక్కరు బిల్లు పెట్టినా సవరణ సభ ముందుకు వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నాలు అలాంటి ప్రైవేటు సభ్యుల కోసమే కేటాయించి ఉన్నాయి.