నాలుగు వేల నూట పదహార్లు

పాత కంప్యూటర్‌కు విడిభాగం దొరకడం ఒక గృహస్థుకు సంభవించగల ప్రమాదాలన్నింటిలోకీ పెద్దదని నేను ఎంతో బాధ్యతతో ప్రకటిస్తున్నాను. దొరకనంత కాలం ఆ మనిషికి ఒక లక్ష్యం ఉంటుంది, ఆదివారాలకు ఒక పని ఉంటుంది, రాత్రి పదకొండు దాటాక కూడా హాల్లో లైటు వేసుకుని కూర్చోవడానికి ఒక కారణం ఉంటుంది. దొరికిన మరునాటి నుంచి అతడు సంచి పట్టుకుని వంకాయలు తేవలసిన మామూలు మనిషి. విజయనగరంలో ఈ రెండు దశలనూ పూర్తిగా అనుభవించినవాడిని నాకు తెలిసినంతలో నేనొక్కడినే కనుక, ప్రజాహితం కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా పెదనాన్నగారి సామాన్ల పంపకాల్లో పందిరిమంచం మా అన్నయ్యకూ ఇత్తడి గుండిగ మా చెల్లెలికీ వెళ్లగా, నా వంతుకు స్పెక్ట్రమ్ ప్లస్ అనే ఒక పాత కంప్యూటర్ వచ్చింది. బ్రిటన్‌లో సింక్లెయిర్ వారు 1982లో స్పెక్ట్రమ్‌ను, 1984లో గట్టి మీటలున్న ఈ ప్లస్‌ను విడుదల చేయగా, మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ 1986లో లైసెన్సు తీసుకుని అమ్మింది. మీటలు 58, జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు, లోపల 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 ప్రాసెసర్. ఉదయం లేవగానే వాట్సాప్‌లో బంధువులు పంపే శుభోదయం బొమ్మలు చాలావరకు ఇందులో పట్టవు. పట్టకపోవడం దాని సంస్కారమని నా అభిప్రాయం.

స్విచ్ వేస్తే తెర మీద కంపెనీ పేరు రావలసిన చోట గళ్ల లుంగీ వచ్చింది. లోపల మూత విప్పి ఒక్కొక్క చిప్పు మీదా వేలు పెట్టి చూశాను. వేలు పెట్టి చూడడం అశాస్త్రీయమని కొందరు అంటారు గాని, నా చూపుడువేలి మీద మిగిలిన బొబ్బ అంత స్పష్టమైన నివేదికను ఏ మీటరూ ఇవ్వలేదు. కాలుతున్నది 4116 అనే మెమొరీ చిప్పు. కింది 16 కిలోబైట్లను ఇలాంటివి ఎనిమిది కలిసి మోస్తాయి. వీటికి కొత్త అల్లుడి మర్యాదలు జరగాలి: ఒక కాలికి 5 వోల్టులు, ఒక కాలికి 12, ఇంకొక కాలికి మైనస్ 5. పక్కనున్న ఒక చిన్న ట్రాన్సిస్టర్ పోయి మైనస్ 5 అందకపోతే, ఇవి అలిగి ఊరుకోవు, వేడెక్కి ప్రాణాలే తీసుకుంటాయి. మా ఇంట్లో ఎనిమిదింట మూడు ఆ దారినే పోయాయి.

పై 32 కిలోబైట్ల కథ వేరు. 64 కిలోబిట్ల చిప్పులలో తయారీలోనే ఒక సగం పాడైనవాటిని సింక్లెయిర్ వారు చౌకగా కొని, బాగున్న సగం ఎటుందో చూసి, బోర్డు మీద ఒక తీగ ముక్కతో ఆ సగాన్ని ఎంపిక చేసి వాడుకున్నారు. పుచ్చు వంకాయను పారేయకుండా పుచ్చిన మేర కోసి కూర వండే మా అమ్మ ఈ సంగతి విని, ఆ కంపెనీవాళ్లు ఎవరో గాని సంసారం తెలిసినవాళ్లని మెచ్చుకుంది. ఈ యంత్రం గురించి మా ఇంట్లో వెలువడిన ఏకైక ప్రశంస అది. నలభై ఏళ్ల క్రితం పుట్టుకతోనే సగం చచ్చిన ఆ చిప్పులు నేటికీ పనిచేస్తూ ఉండగా, నిక్షేపంగా పుట్టినవి పోయాయన్న విషయాన్ని నేను ఎవరి దగ్గరా ప్రస్తావించడం లేదు.

అన్వేషణ గంటస్తంభం దగ్గర మొదలైంది. అక్కడి సందులో ఒక పాత రేడియోల మెకానిక్ ఉన్నాడు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తూనే టేప్‌రికార్డర్ బెల్టులను ఇంకా రబ్బరుబ్యాండుతో కట్టి కట్టలుగా దాచుకున్న పుణ్యాత్ముడు. నేను ఎంతో స్పష్టంగా, తెలుగు మీద నాకున్న గౌరవంతో, "నాలుగు వేల నూట పదహార్లు కావాలి, మూడు" అన్నాను. ఆయన సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, కళ్లజోడు పైకి నెట్టి, "ఏ గుడికి మాస్టారూ? మొన్ననే వినాయకుడి పందిరి గుంటలు వచ్చి నూటపదహార్లు పట్టుకెళ్లారు. నాలుగేలంటే మావల్ల కాదండి బాబూ" అన్నాడు. పొరపాటు ఎవరిదని నేను వాదించలేదు. చందా అడగడానికి వచ్చిన పెద్దమనిషిగానే ఆ దుకాణం మెట్లు దిగాను.

తరువాత విశాఖ వెళ్లి మూడు దుకాణాలు తిరిగి, మూడింటిలోనూ మొబైల్ కవరు కావాలా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పి వచ్చాను. మా పట్టణంలో పైడితల్లి అమ్మవారి పండుగకు సిరిమానుగా నిలిచే చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారి కలలో చెబుతుందని ప్రతీతి. నా కలలోకి ఎవరూ రాలేదు. చివరకు విదేశం నుంచి తెప్పించుకున్న మూడు చిప్పులు మెరిసిపోతూ వచ్చాయి. అలా మెరవడమే నాకు అనుమానం కలిగించింది. మా ఆవిడ గోళ్లరంగు తుడుచుకునే ద్రవంలో దూదిని ముంచి ఒక్కసారి రుద్దగానే, పైనున్న తెల్ల అంకెలు దూదికి అంటుకుని వచ్చేశాయి. వాటి అసలు పేరును ఎవరో ముందే గీకి పారేశారు. మూడు చిప్పులు, మూడు దొంగ జాతకాలు. గోళ్లరంగు ద్రవం అయిపోయిన విషయం మాత్రం ఆ సాయంత్రమే బయటపడింది.

4164 అనే తరువాతి తరం చిప్పుకు ఒక్క 5 వోల్టులే చాలు కనుక, తీగలు మార్చి దాన్నే పెట్టుకోవచ్చని తెలిసినవాళ్లు చెబుతారు. అది నిజమే. కానీ సులభంగా దొరికేదాన్ని పెట్టుకుంటే ఇక వెతకడానికి ఏముంటుంది?

ఈ లోపల అప్‌గ్రేడ్ కూడా చేశాను. యంత్రం పనిచేయకముందే అప్‌గ్రేడ్ ఎందుకని మా బావమరిది అడిగాడు. ఇల్లు కట్టకముందే గృహప్రవేశం ముహూర్తం చూసుకున్న మనిషి ఆ ప్రశ్న అడగకూడదు. క్యాసెట్ నుంచి ఒక ఆట ఎక్కాలంటే టేపు కీచుమంటూ ఉండగా నాలుగైదు నిమిషాలు తెర అంచున నీలం, పసుపు చారలు చూస్తూ కూర్చోవాలి. దానికి బదులు వెనకనున్న కనెక్టరుకు తగిలిస్తే ఎస్‌డీ కార్డు నుంచి చదివే పరికరం ఒకటి కొన్నాను. పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని ప్రసిద్ధి. నేను కనెక్టరు తుప్పును మా అబ్బాయి రబ్బరుతో అంతకు తక్కువ కాని శ్రద్ధతో తుడిచాను. కార్డు 32 గిగాబైట్లది, అంటే కంప్యూటర్ జ్ఞాపకశక్తికి ఆరు లక్షల రెట్లకు పైగా. పావలా కోడికి ముప్పావలా మసాలా అని వెక్కిరించేవారు ఇక్కడ మసాలా లక్షల్లో ఉన్నదని గమనించగలరు.

1976 నుంచి తయారవుతున్న జెడ్80కి 14 జూన్ 2024 తరువాత ఆర్డర్లు తీసుకోబోమని జైలాగ్ కంపెనీ ప్రకటించిన వార్త చదివిన రోజున, నా యంత్రంలోని జెడ్80 గుండ్రాయిలా ఉన్నప్పటికీ, ముందుజాగ్రత్తగా రెండు కొని బియ్యం డబ్బాలో దాచాను. ఈ భాగం మా ఆవిడ చదవదని ఆశ.

అసలు దుర్ఘటన గత నెలలో జరిగింది. ఫ్యాను కండెన్సర్ కోసం మళ్లీ గంటస్తంభం సందుకు వెళ్లినప్పుడు, ఆ మెకానిక్ మోచేయి కింద ఉన్న రేకు డబ్బాలోంచి ఒక బోర్డు అంచు కనిపించింది. ఎప్పుడో జాతరల్లో తిరిగిన వీడియో గేము పెట్టెది. దుమ్ము ఊదితే వరుసగా ఎనిమిది 4116లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆ క్షణాన అర్థమైంది, పైగా ఆ పిల్ల నా చంకలోది కూడా కాదు. "ఇవేనా మాస్టారూ? ఇంగ్లీషులో చెప్పుంటే ఆ రోజే ఇద్దును కదా" అన్నాడాయన. తెలుగు భాషాభిమానానికి ఇంత మూల్యం చెల్లించినవాడు మా జిల్లాలో మరొకడు ఉండడు.

ఆ రాత్రి తెర అడుగున 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అన్న వరుస వచ్చింది. ఇంటిల్లిపాదీ చేరారు. పి మీట నొక్కితే ప్రింట్ అన్న మాట మొత్తం దానంతట అదే పడే ముచ్చట చూపించి, మా అమ్మ పేరు పదేపదే అచ్చయ్యేలా రెండు వరుసల ప్రోగ్రాం రాశాను. తెర నిండగానే యంత్రం ఆగి, ఇంకా జరపమంటారా అన్నట్టు "స్క్రోల్?" అని వినయంగా అడిగింది. జరిపాను. మళ్లీ అమ్మ పేరే. "తరువాత?" అన్నాడు మా అబ్బాయి. ఆ ప్రశ్నకు సిద్ధంగా లేను. కాసేపటికి హాల్లో నేనూ, స్క్రోల్ ప్రశ్నా మిగిలాం. వంటింట్లోంచి వంకాయలు లేవన్న సమాచారం వచ్చింది.

మూడు రోజులు ఆ స్థితిలోనే గడిచాయి. నాలుగో రోజు సాయంత్రం జె మీట పలకలేదు. కె పలకలేదు. హెచ్, ఎల్, చివరకు ఎంటర్ కూడా పలకలేదు. మీటలు ఎన్ని ఉన్నా లోపల ఎనిమిది తీగలు, ఐదు తీగలు మాత్రమే అల్లుకుని ఉంటాయి. ఆ ఎనిమిదింటిలో ఒకటి తెగితే సరిగ్గా ఈ ఐదూ మూగబోతాయి. మీటల కింద ఆ తీగలను మోసే ప్లాస్టిక్ పొర తోక ఎండి విరిగిందన్నమాట. జె లేకపోతే ఆటను ఎక్కించే లోడ్ అన్న మాట లేదు, ఎంటర్ లేకపోతే ఏదీ లేదు. నేను చెప్పులు వేసుకుని, వంకాయల సంచి కూడా మరిచిపోకుండా తీసుకుని, దాదాపు పరుగున గంటస్తంభం చేరుకున్నాను. మెకానిక్ దూరం నుంచే చూసి, చేతిలోని మిక్సీ జారు పక్కన పెట్టాడు.

"ఈసారి ఎన్ని పదహార్లు మాస్టారూ?"